పదమూడు టిక్కులు

"ఆ కాగితం కిటికీలోంచి మా తమ్ముడికి అందించు. నాలుగింటికల్లా సంతకం పడాలన్నారు" అంది కలోలైన్.

పిసిలా అందించలేదు. కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆనించి, మంచం మీద పడుకున్న కూతురు వీకా పాదాలను చూస్తూ కూర్చుంది. నిన్నటికంటే ఉబ్బాయా? నిన్న కూడా ఇలాగే ఉన్నాయా? పొద్దుటి నుంచి చూసీ చూసీ, మామూలు పాదం ఎలా ఉంటుందో తనకే మరుపొచ్చింది.

"వినపడిందా?"

"వినపడింది వదినా."

"మరి?"

వార్డు గోడమీది గడియారంలో ఒంటిగంట దాటింది. రేపు పొద్దున వీకాకు ఆపరేషన్ అంటున్నారు. న్యూజిలాండ్ నుంచి టోంగాకు వచ్చిన గుండె డాక్టర్ల బృందం శుక్రవారం విమానం ఎక్కేస్తుంది. మళ్ళీ ఏడాదికి గాని రారు. వాళ్ళ పట్టీలో ఆఖరి పేరు వీకాది. నాలుగింటికి సంతకం లేకపోతే, హఅపాయి దీవుల నుంచి వచ్చి పక్క వార్డులో కాచుకుని ఉన్న ఒక జాలరికి ఆ వంతు పోతుంది.

చెప్పిన డాక్టరు ఒక్కరే అయితే పిసిలాకు ఇంత బాధ ఉండేది కాదు. ఇద్దరు చెప్పారు. ఇద్దరూ ఒకే గుండెను విన్నారు. చేసేద్దాం అంది న్యూజిలాండ్ డాక్టరమ్మ ఇంగ్రిడ్. ఆగుదాం అన్నాడు ఇక్కడి డాక్టరు తానియేలా.

"ఆ తానియేలా మాట పట్టుకుని కూర్చున్నావు కదూ?" అంది కలోలైన్, విసనకర్ర ఆపకుండానే. "ఎందుకు ఆగాలయ్యా అని నేనే అడిగాను. నాకలా అనిపిస్తోంది అన్నాడు. అనిపించడానికి చదువెందుకు? నాకూ అనిపిస్తుంది. అది కూడా నేల చూపులు చూస్తూ చెప్పాడు. తెలిసినవాడు ఎవడైనా నేల చూపులు చూస్తాడా?"

"మీరు పాస్టరమ్మ కదా వదినా. అందుకని తలెత్తలేక..."

"ఆ డాక్టరమ్మ చూడు. నా కళ్ళలోకి చూసి చెప్పింది. బొమ్మ గీసింది. ఇదిగో తలుపు, ఇది సరిగా మూసుకోవడం లేదు, రక్తం వెనక్కి కారుతోంది, గుండె సాగిపోతోంది, నేను తలుపు బాగుచేస్తాను అంది. పసిపిల్లకైనా అర్థమవుతుంది. ఆక్లాండ్‌లో మా చుట్టాల పిల్ల లవినియా కూడా అదే చెప్పింది ఫోన్లో. అది పెద్దాసుపత్రిలో పనిచేస్తోంది."

"లవినియా అక్కడ దుప్పట్లు ఉతుకుతుంది వదినా."

"ఆసుపత్రి దుప్పట్లే కదా. నీ ఇంట్లోవి కాదుగా."

పక్క మంచం ముసలమ్మ కిసుక్కున నవ్వింది. చక్కెర జబ్బుతో కాలికి కట్టు కట్టించుకుని నెల్లాళ్ళుగా అక్కడే ఉంటున్న మనిషి. "నా కాలు తీసేయాలన్నవాడూ డాక్టరే, వద్దన్నవాడూ డాక్టరే తల్లీ. కాలు మాత్రం నాది ఒక్కదానిదే" అంది.

కలోలైన్ ఆవిడ వైపు చూసింది. ముసలమ్మ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

కలోలైన్ చూపుకు ఆ బలం ఉంది. ఆమె పిసిలా మొగుడు ఫెలెటికి అక్క, వీకాకు మేనత్త. వీకాకు పేరు పెట్టింది ఆమె. పెళ్ళిలో గానీ చావులో గానీ అందరికంటే మంచి చాప ఆమెకే పరుస్తారు. నిరుడు జూన్‌లో వచ్చి, "పిల్లని ఒక ఏడాది నా దగ్గర ఉంచుకుంటాను, మా వవావు దీవిలో బడి బాగుంది" అంటే, ఆ సాయంత్రమే వీకా బట్టలు సర్దారు. మేనత్త అడిగితే కాదనే నోరు టోంగాలో ఏ తమ్ముడికీ ఉండదు. తమ్ముడి పెళ్ళానికి అసలే ఉండదు.

ఆ ఏడాది తర్వాత, పోయిన నెల, వవావు పడవ దిగి రేవులో పది అడుగులు వేసి వీకా కూర్చుండిపోయింది. ఆయాసం.

"కార్డు ఇంకోసారి చూసుకో, నీకు అనుమానమైతే" అంది కలోలైన్. సంచీలోంచి పచ్చ కార్డు తీసి పిసిలా ఒళ్ళో, కాగితం మీదే పెట్టింది. గుండెకు కీళ్ళవాతం పట్టిన పిల్లలకు నాలుగు వారాలకోసారి తొడకి వేసే సూది కార్డు అది. ఏడాదికి పదమూడు గళ్ళు. పదమూడింటిలోనూ టిక్కులున్నాయి. "డాక్టరమ్మ చెప్పిందంతా దీన్ని చూసే. సూదులు ఒక్కటీ తప్పకుండా పడినా గుండె పెరిగిందంటే, ఇక మందులతో ఆగేది కాదు, కోసి బాగుచేయాల్సిందే అంది. నేను పెంచిన ఏడాదిలో ఒక్కటి తప్పిందా? చూడు."

పిసిలా చూసింది. తప్పలేదు.

"వెళ్ళి తమ్ముడితో చెప్పు. అక్క సరే అంది అని చెప్పు."

*

ఫెలెటి వార్డు బయట వరండాలో, గాజు రెక్కల కిటికీ కింద, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మూడు రోజులుగా అతని చోటు అదే. లోపల అక్క ఉన్నంతసేపు అతను లోపలికి రాడు. అక్క కూర్చున్న గదిలో తమ్ముడు కాళ్ళు చాపడు, నవ్వడు, ఎదురు మాట అనడు. అసలు వెళ్ళకపోతే ఇవేవీ జరగవు కదా, అందుకని వెళ్ళడు. అక్క తిండికి వెళ్ళినప్పుడు గబగబా లోపలికి వెళ్ళి, కూతురి నుదురు తాకి, మళ్ళీ బయటికి వచ్చేస్తాడు.

ఎవరో తెచ్చిచ్చిన కర్రపెండలం ముక్క ఆకులో అలాగే ఉంది. తినలేదు.

"ఏమంది అక్క?"

"సరే అంది."

"అయితే ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపాడు. పడవ ఇంజన్లు బాగుచేసే చెయ్యి. గోళ్ళలో నూనె నలుపు ఎంత తోమినా పోదు.

"నువ్వేమంటావో చెప్పు ముందు."

"నేనేమంటాను? నాకేం తెలుసు?"

"పొద్దున డాక్టరు దగ్గర వాల్వులు అవీ ఇవీ అని అడిగావుగా. తెలిసినట్టే అడిగావు."

"ఇంజన్ వాల్వు అయితే తెలుసు. గుండెకి కూడా వాల్వు ఉంటుందన్నాడు కదా అని అడిగాను." కిటికీ వైపు ఓసారి చూశాడు. "పిసిలా, నీకొకటి చెప్తాను. ఎవరితో అనకు. నిరుడు ఎఉవా దీవికి వెళ్ళే ఒకతను వచ్చాడు. ఇంజన్‌లో ఏదో చప్పుడొస్తోంది, పెళ్ళాం పిల్లలతో వెళ్ళాలి, అవతలికి చేరుస్తుందా అని అడిగాడు. చేరుస్తుంది వెళ్ళు అన్నాను."

"అయితే?"

"నేను ఇంజన్ మూత కూడా విప్పలేదు. ఆ రోజు నాకు నడుం నొప్పి."

పిసిలా అతన్నే చూసింది.

"చేరింది. పడవ చేరింది. అప్పటి నుంచి వాడు ఇంకెవరి దగ్గరికీ వెళ్ళడు. ఫెలెటి మాటంటే మాటే అని అందరికీ చెప్తాడు. నా మొహం చూసి నమ్మాడు వాడు. ఏం చూశాడో నా మొహంలో." కర్రపెండలం ముక్కను వేలితో పక్కకి నెట్టాడు. "ఇప్పుడు వాడి చోట నేను కూర్చున్నాను. ఆ డాక్టరమ్మ మొహం చూశాను. తానియేలా మొహం చూశాను. ఇద్దరివీ మంచి మొహాలే."

"అందుకని మీ అక్క ఎలా అంటే అలా సంతకం పెడతావా?"

"అక్కకి కోపమొస్తే..."

"మీ అక్కకి కోపమొస్తుందని నా కూతురి గుండె కోయిస్తావా!"

"గట్టిగా అరవకు. వినపడుతుంది."

వినపడే ఉంటుంది. కిటికీ గాజు రెక్కలు తెరిచే ఉన్నాయి. లోపల విసనకర్ర చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"కోయకపోతే మాత్రం?" అన్నాడు ఫెలెటి, గొంతు బాగా తగ్గించి. "వచ్చే ఏడాది దాకా ఉంటుందని నువ్వు చెప్పగలవా?"

 పిసిలా కాగితం మాత్రం ఇవ్వలేదు.

*

రేపటి కోసం పిల్లకి తలంటమని నర్సు సబ్బు ఇచ్చి వెళ్ళింది. సంతకం పడినా పడకపోయినా తలంటు తప్పదు.

స్నానాలగదిలో వీకా బల్ల మీద కూర్చుని తల వంచింది. పన్నెండేళ్ళ పిల్ల. మెడ వెనక ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. పిసిలా చెంబుతో నీళ్ళు పోస్తుంటే మధ్య మధ్యలో ఆగమని చెయ్యి ఎత్తి, ఊపిరి తీసుకుని, మళ్ళీ తల వంచుతోంది.

"అమ్మా, రేపు సూది కన్నా నొప్పిగా ఉంటుందా?"

"నిద్రపుచ్చుతారు. నీకేం తెలీదు."

"లేచాక?"

"లేచాక కొంచెం ఉంటుంది. నీకు నొప్పి అలవాటేగా. పదమూడు సూదులు పొడిపించుకున్న దానివి."

వీకా తల ఇంకా కిందికి వంచింది. జుట్టులోంచి సబ్బు నీళ్ళు కారి నేల మీద చిన్న గుంటలో చేరుతున్నాయి.

"వీకా?"

"ఊఁ."

"పదమూడేగా?"

"మొదట్లో అన్నీ వేశారు" అంది వీకా, తల ఎత్తకుండా.

పిసిలా చెంబు కింద పెట్టింది.

"మొదట్లో అంటే?"

"అక్కడి బడిలో చేరిన కొత్తలో. తర్వాత క్రిస్మస్ పాటల అభ్యాసం వచ్చింది. సూది వేస్తే రెండు రోజులు కుంటేదాన్ని. పాటల వరసలో నిలబడలేనని ఏడ్చాను. ఈ నెలకి వద్దులే అంది అత్త."

"ఆ నెలకేనా?"

"తర్వాత కూడా ఏడ్చేదాన్ని."

"నర్సు ఏమనలేదా?"

"నర్సమ్మ ఇంటికే వచ్చేది. అత్త వద్దంటే డబ్బా మూసేసేది. అత్త ఇచ్చిన టీ తాగి, కార్డు మీద టిక్కు పెట్టి వెళ్ళేది." వీకా తల తిప్పి చూసింది. కళ్ళలో సబ్బు పడి ఎర్రగా ఉన్నాయి, లేక ఏడుస్తోందో. "గడి ఖాళీగా పెడితే పాస్టరమ్మ మీద ఫిర్యాదు చేసినట్టు ఉంటుందంది. ఒకసారి నేను విన్నాను."

"మొత్తం ఎన్ని పడ్డాయి?"

"లెక్కపెట్టలేదమ్మా. నాలుగో, అయిదో. ఇంకా ఎక్కువేమో."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా."

పిసిలా మళ్ళీ చెంబు ముంచింది. సగం నీళ్ళు తల మీద కాక పిల్ల వీపు మీద పడ్డాయి.

"అత్తని తిట్టకమ్మా" అంది వీకా. "అత్త నన్ను బాగా చూసుకుంది. నేను ఏడిస్తే తనూ ఏడ్చేది."

*

కలోలైన్ వార్డు చివర, తాగే నీళ్ళ కుళాయి దగ్గర ఒంటరిగా దొరికింది. నల్ల బట్టల మీద, పెద్దల ముందు మర్యాదకు కట్టుకునే చాపను నడుముకి బిగించి ఉంది. మూడు రోజులుగా ఆ ఉక్కలో కూడా విప్పలేదు. డాక్టర్లు వచ్చే చోట నడుము చాప లేకుండా ఉండడం ఆమెకు గిట్టదు.

"వదినా, సూదులు తప్పాయట."

ఏదో ఒకటి అంటుందనుకుంది పిసిలా. ఎవరు చెప్పారంటుందనో, ఎంత ధైర్యమంటుందనో. కలోలైన్ గ్లాసు నిండేదాకా చూసి, కుళాయి కట్టేసి, నీళ్ళు తాగకుండా నిలబడింది.

"దాన్ని నువ్వు చూడలేదు" అంది చివరికి. "సూది రోజు పొద్దుట్నుంచే వాంతి చేసుకునేది. గోడ పట్టుకుని నడిచేది. నాకు పిల్లల్లేరు పిసిలా. దేవుడు ఇచ్చిన ఒక్క పిల్ల, అదీ నీ పిల్ల, నా గుమ్మంలో కూర్చుని 'అత్తా, ఈ ఒక్కసారికీ' అంటే ఏం చెయ్యమంటావు? ఆడుకుంటోంది, పాడుతోంది, తింటోంది. జబ్బు పోయిందనుకున్నాను."

"డాక్టరమ్మకి చెప్పాలి వదినా."

"చెప్పు."

పిసిలా నివ్వెరపోయింది.

"చెప్పు. చెప్తే ఏమవుతుందో తెలుసా? సూదులు పడలేదంటే ఆపరేషన్ ఆపేస్తారు. నిన్న ఆవిడ నోటితోనే అంది. సూదులు తప్పి ఉంటే లోపల వాపు ఇంకా ఉందేమో చూడాలి, ముందు మందులు వాడాలి, అప్పుడైతే వెంటనే కోయను అని. నేను విన్నాను. ఇప్పుడు నువ్వెళ్ళి తప్పాయి అను. పేరు కొట్టేస్తారు. ఆ జాలరి పేరు రాస్తారు. విమానం ఎక్కి వెళ్ళిపోతారు. ఏడాది!" గ్లాసు గోడ అరుగు మీద పెట్టింది. "నీ నిజం చెప్పుకుని ఏడాదంతా దాని పాదాలు చూస్తూ కూర్చో."

"కానీ వాపు ఉండగా కోస్తే..."

"ఉందని నీకెవరు చెప్పారు? రక్త పరీక్షలో వాపు గుర్తు కొంచెం ఎక్కువ ఉంది, దగ్గు వల్ల కూడా అలా రావచ్చు అన్నారు. వాళ్ళకే తెలీదు. నీకు తెలుసా? నాకు తెలుసా?"

 అబద్ధమాడుతోందని వదినను నిలదీయడానికి వచ్చింది పిసిలా. ఆ అబద్ధమే కూతురిని కాపాడుతుందేమోనన్న భయం పట్టుకుని వెనక్కి తిరిగింది.

*

మూడున్నరకు తానియేలా మెట్ల దగ్గర కనిపించాడు. సన్నటి మనిషి. చొక్కా జేబులో పెన్నులు ఎక్కువ.

"డాక్టరు గారూ, మీరెందుకు ఆగమన్నారు? నాకు మాత్రం చెప్పండి. ఇక్కడ ఎవరూ లేరు."

అతను మెట్ల పైకీ కిందికీ చూశాడు.

"కార్డులో పదమూడున్నాయమ్మా. కార్డు చూసి మాట్లాడితే ఇంగ్రిడ్ గారు చెప్పిందే సరి. కానీ నేను గుండె విన్నాను. పదమూడు సూదులు పడిన గుండెలా లేదు అది."

"మరి ఆ మాట పైకెందుకు అనలేదు?"

"ఏమని? పాస్టరమ్మ గారూ, మీ కార్డు అబద్ధమని అనమంటారా? మా నాన్న పోయినప్పుడు సమాధి దగ్గర ప్రార్థన చేసింది వాళ్ళాయన. నాకు చదువుకి ఉత్తరం రాసిచ్చింది ఆయన." జేబులోంచి ఒక పెన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "రుజువు లేకుండా అది అన్నానంటే, రేపటి నుంచి ఈ ఆసుపత్రిలో నా ముందు ఎవరూ చొక్కా విప్పరు."

"అందుకని అనిపిస్తోంది అన్నారా?"

"అంతకంటే ఎక్కువ అనలేకపోయాను."

"తప్పాయి" అంది పిసిలా. "ఎన్నో తెలీదు. తప్పాయి."

తానియేలా తల ఊపాడు. గెలిచినవాడి మొహం కాదు అది. అలసిపోయినట్టు మెట్టు మీద కూర్చున్నాడు.

"నేను ఆవిడకి చెప్తే ఆపరేషన్ ఆగుతుందా?" అడిగింది.

"ఆగుతుంది."

"ఆగితే బతుకుతుందా?"

"మందులు వాడతాం. మంచం దిగకుండా ఉంచుతాం. చాలామంది తేరుకుంటారు."

"బతుకుతుందా అని అడిగాను."

"తెలీదమ్మా."

"చేస్తే?"

"లోపల వాపుంటే కుట్లు నిలవకపోవచ్చు. లేకపోతే నిలుస్తాయి. బాగా నిలుస్తాయి. ఆవిడ చెయ్యి చాలా మంచిది."

"వాపుందా?"

"ఎన్ని సూదులు తప్పాయో, ఆఖరిది ఎప్పుడు పడిందో తెలిస్తే చెప్పగలను. అది తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు." పిసిలా మొహంలోకి చూడకుండా అన్నాడు. "ఆవిడని నేను అడగలేను. మీరు అందరి ముందూ అడగండి. నేను ఒక్క ముక్క వదలకుండా అనువదిస్తాను."

*

నాలుగింటికి డాక్టర్ ఇంగ్రిడ్ వచ్చింది. పొడుగాటి మనిషి. వచ్చీరాగానే మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వీకా చెయ్యి పట్టుకుంది. వీకా నవ్వింది. మూడు రోజులుగా ఇంకెవరికీ ఇవ్వని నవ్వు అది.

కలోలైన్ తన కుర్చీలో నిటారుగా కూర్చుంది. కిటికీ అవతల ఫెలెటి లేచి నిలబడ్డట్టుంది. గాజు రెక్కల మధ్య అతని చొక్కా రంగు మాత్రం కనబడుతోంది.

"నేనొక మాట చెప్పాలి" అంది పిసిలా.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. కలోలైన్ ఉన్న గదిలో, కలోలైన్ అడగకుండా తను మాట్లాడడం పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఇదే మొదలు. పక్క మంచం ముసలమ్మ దుప్పట్లోంచి తల బయటపెట్టింది.

"సూదులు కొన్ని పడలేదు. కార్డులో టిక్కులన్నీ నిజం కావు."

తానియేలా అనువదించాడు. ఇంగ్రిడ్ వీకా చెయ్యి వదల్లేదు. కానీ మొహంలో ఏదో మారింది. గబగబా ఏదో అడిగింది.

"ఎన్ని తప్పాయి, ఆఖరి సూది ఎప్పుడు పడింది అని అడుగుతున్నారు" అన్నాడు తానియేలా. "అది తెలిస్తేగాని ఏమీ చెప్పలేనంటున్నారు. తప్పి ఉంటే రేపు చేయరట. మీరు పొరబడి ఉంటే, చేయకపోవడం పెద్ద తప్పవుతుందట."

"నాకు లెక్క తెలీదు" అంది పిసిలా. "వదినకి తెలుసు."

అందరూ కలోలైన్ వైపు తిరిగారు. తానియేలా మాత్రం నేల వైపు చూశాడు.

కలోలైన్ విసనకర్రను ఒళ్ళో పెట్టుకుంది. చాప మడత సర్దుకుంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయని పిసిలాకు ఒక్కదానికే కనిపించింది.

"అన్నీ వేశారు" అంది.

ఇంగ్రిడ్ తానియేలా వైపు చూసింది.

"తల్లి కదా, భయపడుతోంది. రేపు కోస్తారంటే ఎవరికి భయం ఉండదు? అన్నీ వేశారు అని చెప్పు తానియేలా. పదమూడూ."

తానియేలా పెదవులు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించి, ఒక్క ముక్క వదలకుండా అనువదించాడు.

ఇంగ్రిడ్ కార్డు అడిగి తీసుకుంది. పెన్ను మొనతో ఒక్కొక్క గడీ తాకుతూ లెక్కపెట్టింది. తర్వాత తల్లి మొహం చూసింది. మేనత్త మొహం చూసింది. ఆ చూపు పిసిలాకు బాగా తెలిసిన చూపే. మూడు రోజులుగా తనూ ఈ ఇద్దరు డాక్టర్ల మొహాల్ని అలాగే చూస్తోంది, ఎవరికి తెలుసు, ఎవరిని నమ్మాలి అని.

డాక్టరమ్మ చివరికి వీకా వైపు వంగింది. నెమ్మదిగా, తేలిక మాటల్లో అడిగింది. అనువాదం అవసరం లేకపోయింది, బడిలో ఆ మాత్రం ఇంగ్లీషు వీకాకు వచ్చు. అయినా తానియేలా చెప్పాడు.

"వీకా, నీకు అన్ని సూదులూ వేశారా? నిజం చెప్పు. ఎవరూ ఏమీ అనరు."

వీకా అమ్మను చూసింది. తర్వాత అత్తను చూసింది. ఎక్కువసేపు అత్తనే చూసింది.

పిసిలా మంచం వైపు వంగింది. చెప్పమ్మా, ఇందాక నాతో చెప్పిందే చెప్పు. ఆ మాట పైకి అనడానికి నోరు తెరిచింది. చెప్పిన మాట వల్లే పేరు కొట్టేస్తే? నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"అత్త చెప్పినట్టే" అంది వీకా. "అన్నీ వేశారు."

అని, దుప్పటి కింద చెయ్యి కదిపి, తొడ మీద ఎక్కడో రుద్దుకుంది.

ముసలమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. కలోలైన్ మళ్ళీ విసనకర్ర తీసింది గానీ విసరలేదు. ఇంగ్రిడ్ లేచి నిలబడి తానియేలాతో ఏదో అంది. అతను ఏదో అన్నాడు. ఆమె మళ్ళీ అంది. ఈసారి అతను అనువదించలేదు.

"ఏమంటున్నారు?" అడిగింది పిసిలా.

"ముగ్గురిలో ఇద్దరు పడ్డాయంటున్నారు, కార్డూ పడ్డాయంటోంది, దాన్ని బట్టి నేను సిద్ధమే అంటున్నారు. మీకు అనుమానం ఉంటే మాత్రం సంతకం పెట్టవద్దంటున్నారు." గొంతు సవరించుకున్నాడు. "తల్లిదండ్రులే తేల్చుకోవాలంటున్నారు. అయిదు నిమిషాలు ఆగుతారట."

"మీరేమంటారు?"

తానియేలా పాస్టరమ్మ చెప్పులకేసి చూశాడు.

"నాకు అనిపించింది ఇదివరకే చెప్పానమ్మా" అన్నాడు.

కిటికీ గాజు రెక్కల మధ్యలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. గోళ్ళలో నూనె నలుపు. అరచెయ్యి పైకి తెరిచి ఉంది.

"ఇలా ఇవ్వు పిసిలా" అంది ఫెలెటి గొంతు. "టైం అయిపోతోంది."

"మూత విప్పి చూశావా?" అంది పిసిలా.

ఆ మాట ఇంకెవరికీ అర్థం కాలేదు. ఆ చెయ్యి ఒక్క క్షణం వెనక్కి తగ్గింది. మళ్ళీ అక్కడికే వచ్చింది.

పిసిలా లేచి కిటికీ దాకా నడిచింది. అక్కడిదాకా ఎందుకు నడుస్తోందో ఆమెకే తెలియదు. కాగితం చివర అతని వేళ్ళకు తగిలింది. అతను పట్టుకున్నాడు.

ఆమె వదల్లేదు.

కాగితం సగం లోపల, సగం వరండాలో, గాజు రెక్కల మీద బిగుసుకుని నిలిచింది. వెనకాల మంచం మీద వీకా దగ్గింది.